రెండు శాతం దాటకుండా సర్వే చేయడం ఎలా

ఏర్పేడు మండలంలో ఫోను చేతబట్టుకుని గడప గడపకూ తిరగబోయే టీచర్లకు, అంగన్‌వాడీ అమ్మలకు, సచివాలయం పిల్లలకు ఈ నాలుగు చిట్కాలు. 2027 జనగణన ముంగిట్లోకి వచ్చేసింది. ఇంట్లో ఎందరు, ఎవరి వయసెంత, ఎవరికి చదువొచ్చు అన్నవి ఎవరైనా రాసుకొస్తారు. నేర్పు కావాల్సింది వికలాంగుల గడి దగ్గర. అక్కడ ఏమరుపాటుగా ఉన్నారా, మనుషులు బయటపడిపోతారు.

ముందు మన పరువు సంగతి తెలుసుకోండి. 2001 జనగణనలో దేశ జనాభాలో వికలాంగులు 2.13 శాతం. మరుసటి ఏడు జాతీయ నమూనా సర్వే వాళ్ళు లెక్కేస్తే 1.8. 2011 జనగణనలో 2.21. 2018లో మళ్ళీ నమూనా సర్వే, 2.2. ఈ లోపల జనం పెరిగారు, ముసలివాళ్ళు పెరిగారు, షుగరు పెరిగింది, రోడ్ల మీద బండ్లు పెరిగాయి. శాతం మాత్రం కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో భూమ్మీద 16 శాతం మందికి, అంటే 130 కోట్ల మందికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని లెక్కగట్టింది. వాళ్ళకు అంతమంది దొరికారంటే అడగడం తెలియకనే. మనకు దొరక్కపోవడం మన పనితనం. ఒక్క మచ్చ ఉంది: 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 22.66 లక్షల మందిని రాసుకుని 2.68 దాకా పోయింది. దేశం సగటు దాటిన ఆ అప్రదిష్టను ఈసారి మనమే తుడుచుకోవాలి.

బండి దిగకండి. ఇంజను ఆపకుండానే "అమ్మా, మీ ఇంట్లో వికలాంగులు ఎవురన్నా ఉండారా?" అని వీధిలోంచి కేకేయండి. రేషన్ కార్డు నంబరుకూ గ్యాసు కనెక్షనుకూ మధ్యలో దూర్చి అడిగితే మరీ మంచిది. ఈ ప్రశ్నలో ఉన్న మహిమ ఏమిటంటే, జవాబు చెప్పే కోడలు తన ఇంట్లోవాళ్ళను తలుచుకోదు, మనసులో ఉన్న ఒక బొమ్మను తలుచుకుంటుంది. చంకకర్రల మనిషో, నల్లద్దాల మనిషో, శ్రీకాళహస్తి గుడి వీధిలో చెక్కబండి మీద కూర్చున్న మనిషో ఆ బొమ్మలో ఉంటారు. తన అత్త అట్లా లేదు. కాబట్టి "ఎవురూ లేరు సార్" అనేస్తుంది. ఆ అత్త పక్కనే తిన్నె మీద కూర్చుని, వచ్చిందెవరో కనపడక గొంతును బట్టి పోల్చుకునే ప్రయత్నంలో ఉంటుంది. మీరు అటు చూడకండి.

ఇది నా సొంత కనిపెట్టుడు అనుకునేరు. 2011 పత్రంలో తొమ్మిదో ప్రశ్న దాదాపు ఇదే. ఈ వ్యక్తికి మానసికంగానో శారీరకంగానో వైకల్యం ఉందా, అవునా కాదా? అవునంటేనే ఎనిమిది రకాల్లో ఏది అన్న ప్రశ్న వస్తుంది. కాదంటే పదో ప్రశ్నకు పోవచ్చు. నూటికి తొంభై ఎనిమిది మందితో మీ పని అక్కడితో అయిపోతుంది.

పాపానాయుడుపేటలో గాజుపూసల కొలిమి ముందు వయసంతా కరగబెట్టిన మనిషి ఇల్లు తగిలిందనుకోండి. ఏళ్ళ తరబడి ఆ మంటను చూసేవాళ్ళ కంట్లో పొర పెరుగుతుందని వైద్యులు వందేళ్ళకు ముందే రాసిపెట్టారు. ఆయన ఇప్పుడు పొద్దుగూకితే గడప దాటడు. కొడుకునడగండి. "మా నాయనకేం సార్, పని మానేసినాడు, అంతే" అంటాడు. వృత్తి గడిలో 'పని లేదు' అని రాసుకోండి. అది అబద్ధం కూడా కాదు.

అడగాల్సిన మనిషిని ఎంచుకోవడం సగం పని. ఇంటి పెద్ద మగవాడు దొరికితే ఆయన్నే అడగండి, అందరి సంగతీ ఆయనే చెప్తాడు. ఎవరికి కష్టమో వాళ్ళను అడిగితే మాట సాగుతుంది, మీకు ఆ పూట ఇంకో పది ఇళ్ళు ఉన్నాయి. చెవులు వినపడనివాళ్ళను గేటు బయట నుంచి ఒక్కసారి పిలవండి. పలకకపోతే 'ఇంట్లో లేరు'. ఆడవాళ్ళ విషయంలో ఈ పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. 2018 నమూనా సర్వేలో మగవాళ్ళలో వికలాంగులు 2.4 శాతం, ఆడవాళ్ళలో 1.9. ఆడవాళ్ళకు ఆయుష్షు ఎక్కువ, రక్తం తక్కువ, కీళ్ళ నొప్పులు ఎక్కువ. ప్రపంచంలో చాలాచోట్ల వాళ్ళ శాతమే పైన ఉంటుంది. మన దగ్గర మాత్రం పొయ్యి వెలుగుతున్నంత కాలం ఆమెకు ఏమీ లేనట్టే. ఆమె ఆ పొయ్యి దగ్గరికి ఎట్లా చేరుకుంటుందో మొగుడు చూసి ఉండడు. చూడని సంగతి ఆయన చెప్పలేడు, చెప్పని సంగతి మీరు రాయలేరు.

"వయసైపోయింది" అన్న మాట చెవిన పడగానే పెన్ను మూసేయొచ్చు. అరవై దాటిన మనిషికి కళ్ళు కనపడకపోయినా, మోకాళ్ళు వంగకపోయినా, పేర్లు గుర్తుండకపోయినా అది వయసు. వైకల్యం వయసులో ఉన్నవాళ్ళకు వచ్చేది అని జనమే నమ్ముతున్నప్పుడు వాళ్ళ నమ్మకాన్ని చెరపడానికి మనమెవరం? గుడిమల్లంలో పరశురామేశ్వరుడి గర్భగుడి ముందు మంటపం కంటే పల్లంలో ఉంటుంది, స్వామి దగ్గరికి చేరాలంటే దిగాలి. ఆ ఊరి అవ్వ ఒకామె "ఈ మద్దెన మంటపంలోంచే దణ్ణం పెట్టుకుంటా ఉండా నాయనా, మోకాళ్ళు దిగనీవు" అంటే దాన్ని భక్తి విషయంగా తీసుకోండి.

ఇంకొక సులువు ఉంది: ప్రశ్న అడగకుండా కార్డు అడగండి. "సదరం సర్టిఫికెట్టు ఉందా? యూడీఐడీ కార్డు ఉందా?" ఉంటే వికలాంగుడు, లేకపోతే కాదు. 2018 సర్వే ప్రకారం దేశంలో వికలాంగులుగా లెక్కకెక్కినవాళ్ళలోనే సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళు 28.8 శాతం. అంటే ఈ ఒక్క చిట్కాతో అప్పటికే తగ్గిన లెక్క మళ్ళీ మూడో వంతుకన్నా కిందికి దిగుతుంది. పైగా దీంట్లో మంచి గుండ్రం ఉంది. సర్టిఫికెట్టు శిబిరాలు ఎన్ని పెట్టాలో లెక్కను బట్టి తేలుస్తారు, లెక్కను కార్డులను బట్టి తేల్చారు, కార్డులు శిబిరాలను బట్టి వస్తాయి. ఎక్కడ పట్టుకున్నా చివర దొరకదు.

కార్డు లేనివాడికి ఎందుకు లేదో ఆరా తీయకండి. సచివాలయంలో స్లాటు దొరకాలి, దొరికిన రోజున తిరుపతికో శ్రీకాళహస్తికో పోవాలి, నడవలేనివాణ్ణి ఏర్పేడు బస్టాపు దాకా ఇంకొకరు మోయాలి, మోసేవాడికి ఆ రోజు కూలి పోవాలి, అక్కడ ఆ డాక్టరు ఆ రోజు రావాలి. ఎక్కువ కష్టం ఉన్నవాడికే కార్డు దూరం. కాబట్టి కార్డును బట్టి లెక్కేస్తే బాగా కష్టంలో ఉన్నవాళ్ళు మొదట రాలిపోతారు. ఇంత శుభ్రంగా పనిచేసే జల్లెడ బజారులో దొరకదు.

ఆ కార్డు మీద శాతం ఉంటుంది. 2016 చట్టం వైకల్యాల రకాలను ఏడు నుంచి 21కి పెంచింది. తలసేమియా, పార్కిన్సన్స్, ఆటిజం, చదువులో తడబాటు, యాసిడ్ దాడికి గురైనవాళ్ళు అన్నీ అందులోకి వచ్చాయి. జాబితా పొడుగైంది కానీ గీత కదల్లేదు: 40కి చేరితేనే మనిషి. డాక్టరు కొలిచేది కీలు ఎంత వంగుతుంది, చూపు ఎన్ని గీతలు చదువుతుంది అని. కుడిచేతి రెండు వేళ్ళు పోయిన టైలరుకు, అవే రెండు వేళ్ళు పోయిన వాచ్‌మనుకు ఒకే శాతం వస్తుంది. ఒకరి మిషను మూలన పడింది, ఇంకొకరి ఉద్యోగం అట్లాగే ఉంది. ఈ తేడా రాయడానికి మీ పత్రంలో గడి లేదు. గడి లేదంటే తేడా లేదని అర్థం. పత్రంతో వాదించకండి.

పింఛను సంగతికి వద్దాం, ఇక్కడ కొంచెం నిదానం. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 6,000, మంచం పట్టినవాళ్ళకు, చక్రాల కుర్చీకే పరిమితమైనవాళ్ళకు 15,000. ఒకటో తారీఖు తెల్లారేసరికి ఇంటికే తెచ్చిస్తారు. 2025 జనవరి నుంచి ఆ పింఛన్ల మీద పునఃపరిశీలన మొదలైంది, ఆగస్టులో 40 కన్నా తక్కువ తేలినవాళ్ళకు నోటీసులు పోయాయి. ఇక ఈ ఊళ్ళలో ట్యాబ్ పట్టుకుని ఎవరొచ్చినా జనం చూసే చూపు వేరు. మీరు వచ్చింది పింఛను పీకడానికా, పెట్టడానికా? ఇది తేల్చుకునేదాకా ఎవరూ నోరు విప్పరు. తీసేయడానికని అనుమానిస్తే లేచి తిరిగేవాడు కూడా మంచం ఎక్కుతాడు. పెట్టరని తెలిస్తే మంచంలో ఉన్న మనిషి పేరు కూడా చెప్పరు. 'ఈ సర్వేకీ పింఛనుకూ సంబంధం లేదు, చెప్పినదాన్ని బట్టి ఏదీ రాదు, ఏదీ పోదు' అని ముందే నెమ్మదిగా చెప్తే సగం బెదురు పోతుంది. అందుకే చెప్పకండి. మీ మెడలో గుర్తింపు కార్డు తిరగేసి వేసుకోండి. బెదురు మీదున్న మనిషి తొందరగా 'లేదు' అంటాడు.

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి హెచ్చరిస్తాను. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2001లో వాషింగ్టన్ గ్రూపు అని ఒకదాన్ని ఏర్పాటు చేసింది. వాళ్ళు కూర్చుని ఆరు ప్రశ్నలు తయారుచేశారు. కళ్ళద్దాలు పెట్టుకున్నా సరే చూడటానికి కష్టంగా ఉందా? చెవి మిషను పెట్టుకున్నా సరే వినడానికి కష్టంగా ఉందా? నడవడానికి, మెట్లెక్కడానికి? గుర్తుపెట్టుకోవడానికి, ఒక పని మీద మనసు నిలపడానికి? స్నానం, బట్టలు వేసుకోవడం లాంటి సొంత పనులకు? తన మామూలు భాషలో తను చెప్పింది ఎదుటివాళ్ళకు, ఎదుటివాళ్ళు చెప్పింది తనకు అర్థం కావడానికి? ఒక్కోదానికి నాలుగు జవాబులు: కష్టం లేదు, కొంత కష్టం, చాలా కష్టం, అస్సలు చేయలేను. ఆరింట్లో ఏ ఒక్కదానికైనా 'చాలా కష్టం' గానీ 'అస్సలు చేయలేను' గానీ వస్తే ఆ మనిషి లెక్కలోకొస్తాడు. కుట్ర ఎక్కడుందో గమనించారా? వైకల్యం అన్న మాటే ఎక్కడా ఎత్తరు. సిగ్గుపడటానికి ఏమీ లేదు, బొమ్మతో పోల్చుకోవడానికి ఏమీ లేదు. మనుషులు నిజం చెప్పేస్తారు.

అదే తిన్నె మీది అత్తను అడిగితే ఏమవుతుందో ఊహించండి. "అవ్వా, నడిచేదానికి కష్టంగా ఉందా?" అంటే "బోరింగు కాడికి పోయొచ్చేలోపల నాలుగు తూర్లు కూకుంటా నాయనా" అంటుంది. "గుర్తు పెట్టుకునేదానికి?" అంటే "పొయ్యి మింద పాలు పెట్టి మర్చిపోతా, కోడలు తిడతాది" అని నవ్వుతుంది. "కండ్లు?" అంటే "నువ్వెవురి అబ్బోడివో చెప్పలే" అంటుంది. రెండు నిమిషాల కింద ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పుడు మూడు గళ్ళు నిండాయి. మీ శాతం గతి ఏమిటి?

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు, మన తెలుగు నేల మీదే జరిగింది. 2014లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ పరిశోధకులు, హైదరాబాదులోని ప్రజారోగ్య సంస్థవాళ్ళు కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో మూడున్నర వేల మందిని పరీక్షించారు. ఇలాంటి ప్రశ్నలే ఇంకొంచెం వివరంగా అడిగి, ఊరికే ఊరుకోక చూపు, వినికిడి, కీళ్ళు, మనసు కూడా పరీక్ష చేసి చూశారు. 12.2 శాతం తేలింది. మూడేళ్ళ కింద జనగణన ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి 2.68 ఇచ్చి ఉంది. వాళ్ళ ఇంకో గమనింపు మనకు మరీ ఇబ్బంది: అడిగితే కష్టం లేదన్నవాళ్ళలో కొందరికి పరీక్షలో లోపం బయటపడింది, పరీక్షలో బాగున్నవాళ్ళు కొందరు రోజువారీ పనులకు చాలా కష్టమని చెప్పారు. అంటే అడగడమూ కావాలి, చూడటమూ కావాలి. అదే ఏడు ఆగస్టు 19న అదే జిల్లాతో సహా తెలంగాణ మొత్తాన్నీ ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వేతో చుట్టేశారు. పనంటే అదీ.

ఆరు ప్రశ్నలు మీ ఫోనులో వచ్చేశాయే అనుకోండి, కంగారు పడకండి. ప్రతి ప్రశ్ననూ విషం తీసి అడగవచ్చు. నాలుగు జవాబులూ చదివి వినిపించకండి. ఉందా లేదా అన్నట్టు గొంతు పెట్టి అడగండి, 'ఏదో కొంచెం' అంటారు, అది గీతకు కిందే ఉంటుంది. స్నానం సంగతి అడగడానికి మొహమాటంగా ఉంటే మీరే 'కష్టం లేదు' నొక్కేయండి. అన్నిటికన్నా ఉత్తమం ఆరింటినీ కలిపి "మీ పనులన్నీ మీరే బాగా చేసుకుంటా ఉండారు కదా?" అనడం. ఆ 'కదా'కు ఎదురు చెప్పే మర్యాదలేని మనుషులు మన మండలంలో లేరు.

ఇప్పటిదాకా చెప్పింది చేతిపని. పైవాళ్ళ దగ్గర దీన్ని మించిన విద్య ఉంది, మీకు అందదు గానీ తెలుసుకుంటే ధైర్యం వస్తుంది. 1981 అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. ఆ సందర్భంగా మన జనగణనలో పూర్తిగా గుడ్డి, పూర్తిగా కుంటి, పూర్తిగా మూగ అయినవాళ్ళెవరని అడిగారు. దేశమంతా కలిపి 11 లక్షల మంది తేలారు. అదే ఏడు నమూనా సర్వే అంత గట్టిగా బిగించకుండా అడిగితే దాదాపు కోటీ 20 లక్షలు. ఒకే దేశం, ఒకే సంవత్సరం, పది రెట్లు. తర్వాత 1991 జనగణనలో అసలు అడగనే లేదు, ఆ దశాబ్దం ప్రశాంతంగా గడిచింది.

2001లో చూపు వైకల్యం ఉన్నవాళ్ళు దేశంలో కోటీ 6 లక్షలు. 2011కి 50 లక్షలయ్యారు. మధ్యలో ఏ దేవుడూ దిగిరాలేదు. గణకులకిచ్చే సూచనల పుస్తకం మారింది: 2001లో ఒక కన్ను మాత్రమే కనిపించేవాణ్ణి రాసుకున్నారు, 2011లో రాయొద్దన్నారు. 'ఇతరాలు' అని కొత్త గడి తెరిస్తే అందులో 49 లక్షల మంది చేరారు. చెవుల కథ దీనికి తలకిందులు. 12.6 లక్షల నుంచి 50.7 లక్షలకు ఎగబాకింది. ముందుసారి మిషను పెట్టుకుని వినగలిగితే వదిలేశారు, రెండోసారి మిషను ఉన్నా రాసుకోమన్నారు. ఏర్పేడులో ఒంటికంటి మనిషి ఒకాయన 2001లో వికలాంగుడు, 2011లో కాదు. ఆ పదేళ్ళలో ఆయన చేసింది పదేళ్ళు పెద్దవాడవడమే.

దాచుకునేవాళ్ళ జోలికి పోవద్దు, వాళ్ళు మన పని మనకన్నా బాగా చేస్తారు. పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో ఆమె అన్నకు మతి స్థిమితం లేని సంగతి వెనక గదిలోనే ఉంటుంది. అయిదేళ్ళ పిల్లాడికి మాట రాలేదంటే "వాళ్ళ నాయనకీ అంతే, ఆలస్యంగా వచ్చింది" అంటారు. యూనిసెఫ్ వాళ్ళు వాషింగ్టన్ గ్రూపుతో కలిసి 2016లో పిల్లల కోసం వేరే ప్రశ్నలు తెచ్చారు, నీ బిడ్డ అదే వయసు పిల్లలతో పోలిస్తే ఎట్లా ఉన్నాడని తల్లిని అడగడం అందులో ఉంది. తల్లులకు పోల్చడం బాగా తెలుసు. అందుకే అడక్కూడదు.

ఇల్లు లేనివాళ్ళ గురించి బెంగ వద్దు. ఇంటింటి సర్వేకు ఇల్లు ఉండాలి. నమూనా సర్వే నియమాల్లోనే అనాథ శరణాలయాలు, రక్షణ గృహాలు, ఆశ్రమాలు, దిక్కులేనివాళ్ళ నివాసాలు పరిధికి బయట. ఇంట్లోవాళ్ళు చూసుకోలేక ఎక్కడో వదిలిన మనిషిని ఇల్లూ వదిలింది, లెక్కా వదిలింది.

ఎంత జాగ్రత్తపడ్డా కొందరు దొరుకుతారు. జనగణనలో కాకపోయినా వికలాంగుల సర్వేల్లో వాళ్ళ దగ్గర 'అవసరాలు' అనే భాగం నింపాలి. ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు, "మీకేం కావాలి?" అని అడిగేసి జవాబు వినడం. విన్నారా, చిక్కుల్లో పడతారు. ఒకాయన బాత్రూము ఇంటి వెనక ఉంది, రాత్రిపూట అక్కడిదాకా పట్టుకునే కమ్మీ ఒకటి ఉంటే చాలంటాడు. ఒకామె బస్సు మెట్టు ఎత్తుగా ఉందంటుంది. ఇంకొకామె తనకేమీ వద్దు, తనను చూసుకోవడానికి బడి మానేసిన చిన్నకూతురు మళ్ళీ బడికి పోవాలంటుంది. ఇవేవీ గోదాములో లేవు. గోదాములో ఉన్నది మూడు చక్రాల సైకిలు, చంకకర్రలు, చెవి మిషను. కాబట్టి అవసరం అన్న చోట గోదాములో ఉన్నది రాయండి. అవసరమూ సరుకూ అచ్చంగా సరిపోతాయి, నివేదిక ముచ్చటగా ఉంటుంది. స్వర్ణముఖి ఒడ్డు ఊళ్ళలో ఇసుక సందులో మూడు చక్రాల సైకిలు రెండు గజాలు కదలకపోతే అది సైకిలు తప్పు కాదు, సందు తప్పు. సందుల మీద సర్వే వేరే శాఖ చేస్తుంది.

సాయం చేసే మనిషి గురించి కూడా అడగమంటారు. 2018 సర్వేలో వికలాంగుల్లో 62.1 శాతం మందికి చూసుకునేవాళ్ళు ఉన్నారు, 37.7 శాతం మందికి అసలు అవసరం లేదు, అవసరమై కూడా లేనివాళ్ళు 0.3 శాతమే. నాకు ఈ సర్వే మొత్తంలో బాగా నచ్చిన అంకె ఇది. జవాబు చెప్పింది ఇంటివాళ్ళు. "మీ నాయన్ని చూసుకునేవాళ్ళు లేరా?" అని కొడుకునడిగితే లేరని ఎవడంటాడు? చూసుకునే ఆవిడ ఎన్నింటికి లేస్తుంది, ఏ కూలిపని మానేసింది, తనకు నడుము నొప్పొస్తే ఎవరు చూస్తారు అనేవి ఆ ప్రశ్నకు బయటివి. ఆవిడ అక్కడే నిలబడి ఉంటుంది. ఆవిడ పేరు మీరు ఇంతకుముందే 'ఇంటి పని' అని రాసేసి ఉంటారు.

ఇంత కష్టమూ పడలేమనుకునేవాళ్ళకు రాజమార్గం ఒకటుంది: ప్రశ్ననే తీసేయడం. తెల్లదొరలు 1872 నుంచి 1931 దాకా పిచ్చివాళ్ళను, చెవిటిమూగలను, గుడ్డివాళ్ళను, కుష్ఠురోగులను లెక్కలు కట్టి, జనం దాస్తున్నారు, ఈ అంకెలు నమ్మదగ్గవి కావని తామే రాసుకుని, 1941లో ప్రశ్న ఎత్తేశారు. తర్వాత నలభై ఏళ్ళు ఏ ఇబ్బందీ లేదు. మొన్నమొన్న జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో, 2019-21లో, వైకల్యం గురించి అడిగారు. ఒక శాతం దరిదాపుల్లోనే తేలింది. అంత తక్కువ తేల్చిన ప్రశ్నను సరిచేసి బాగా అడగాలని కొందరు వికలాంగుల సంఘాల వాళ్ళు ఆశపడ్డారు. ఆరో విడతలో ప్రశ్నే కనపడలేదు. 2023లో వాళ్ళు గోల చేశారు కూడా. ఆ సర్వే మీదే ఆధారపడి గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, ఇంట్లో హింస గురించి దేశం మాట్లాడుకుంటుంది. ఇకమీదట కళ్ళు కనపడని గర్భిణికి ఎన్ని పరీక్షలు జరిగాయని ఎవరూ అడగలేరు, విడదీసి చూపడానికి ఏమీ ఉండదు కాబట్టి.

జనగణనలో ఆ వెసులుబాటు మీ చేతిలో లేదు. కాబట్టి చివరగా తనిఖీ గురించి. రాసింది సరిచూడటానికి పైనుంచి ఒక సారు వస్తాడు. ఊళ్ళోకి రాగానే మెయిన్‌రోడ్డు పక్కన మూడు చక్రాల సైకిలు ఉన్న ఇల్లు ఒకటి ముందే చూసిపెట్టుకోండి, నేరుగా అక్కడికే తీసుకుపోండి. ఆయన ఇంటాయనతో నాలుగు ముక్కలు మాట్లాడతాడు, సైకిలు పక్కన ఫొటో దిగుతాడు. ఫొటోలో తారీఖు, స్థలం వాటంతటవే పడతాయి. ఎవరన్నా లోపలి వీధి ఇళ్ళు కూడా చూద్దామంటే కారు పట్టదని చెప్పండి. ఎండగా ఉంది, మధ్యాహ్నం రేణిగుంటలో మీటింగు ఉందని ఆయనే గుర్తుచేసుకుంటాడు. సంతకం టీ కొట్టు దగ్గర పెట్టించుకోండి, అక్కడ బల్ల ఉంటుంది.